రెప్ప వాల్చని పెళ్ళికొడుకు

ఇప్పటివాళ్ళకి చెబితే నమ్మరు గానీ, ఆ కాలంలో మా బెజవాడ బట్టల కొట్లో కుర్రాళ్ళకి ముందు నేర్పింది గజంబద్ద పట్టడం కాదు, మొహం చదవడం. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తున్న రోజులు. కొట్టు మా మేనమామది. ఈ విద్యలో తనంతటివాడు లేడని ఆయన నమ్మకం. "నోటిమాట వినకురా! చీర బాగాలేదంటానే పెదాలు బిగించిందా, ముక్కు కొస అదిరిందా, అబద్ధమన్నమాటే. నువ్వు మాత్రం రెప్ప వాల్చమాక. వాల్చావా, నిజం జారిపోద్ది" అనేవాడు. అసలే నాది కుదురులేని ఒళ్ళు (కూర్చుంటే కాలు ఊగేది, నిలబడితే చెయ్యి ఊగేది). ఈ విద్య అంటుకున్నాక కనబడ్డవాళ్ళనల్లా గుడ్లప్పగించి చూడటమే పని. ఒకరోజు మా గుమస్తా గారు కడుపులో తిప్పుతోంది, ఇంటికి పోతానన్నారు. "అబద్ధం! మీ ముక్కు అదిరింది" అన్నాను. పాపం, ఆయన కొట్లో పరిచిన తెల్లటి పరుపు మీదే రుజువు చూపించారు. నాకు బుద్ధొచ్చిందా? రాలేదు.

ఆ వేసవిలోనే మామయ్య నన్ను పెడనకి పెళ్ళిచూపులకి తీసుకెళ్ళాడు. వాళ్ళది నేత ఇల్లు, ముందు గదిలోనే మగ్గం. పిల్ల వచ్చి చాప మీద కూర్చుంది. అబ్బ, ఎంత బావుందో! ఈ పిల్ల కాకపోతే నాకసలు పెళ్ళే వద్దు అనిపించింది. అలా అనిపించిన మరుక్షణమే బెంగ పట్టుకుంది. నేను తనకి నచ్చొద్దూ? తెలుసుకోవాలంటే నాకున్నది ఒకటే విద్య. కళ్ళు విప్పార్చి, మొహం ముందుకి పెట్టి, రెప్ప వెయ్యకుండా చూస్తూ కూర్చున్నాను. కళ్ళు మండి నీళ్ళు కారుతున్నా కదల్లేదు. మామయ్య కొట్లో బేరం తేల్చినట్టు మొహం మీదే అడిగేశాడు. "ఏమ్మా, మావాడు నచ్చాడా?"

"నాన్నగారి ఇష్టమండీ" అంది ఆ పిల్ల. పెదాలు బిగుసుకున్నాయి. ముక్కు కొస అదిరింది. చటుక్కున లేచి లోపలికి వెళ్ళిపోయింది.

అయిపోయింది, కొంప మునిగింది అనుకున్నాను. తండ్రి మాట కాదనలేక అంది గానీ, నేను నచ్చలేదు! లోపల గుసగుసలు. నేను లేచాను, కూర్చున్నాను, మళ్ళీ లేచి అరుగు దాకా వెళ్ళొచ్చాను. "ఏంట్రా ఆ తిరుగుడు, కూర్చో!" అని మామయ్య పంచె పట్టుకు లాగాడు. ఇష్టంలేని పిల్లని కట్టుకోకూడదు, వద్దని నేనే చెప్పేయాలి అనుకున్నాను. నోరు తెరిస్తే ఏడుపొచ్చేట్టుంది.

అంతలో పిల్ల నాయనమ్మ వచ్చి, "నాయనా, మగ్గం మీద పోగు తెగింది. కాస్త అతికి పెడతావా?" అంది. (పెళ్ళికొడుకు చేత పనేమిటి అని మామయ్య మొహం మాడ్చుకున్నాడు.) చిన్నప్పుడు మా తాత నేర్పిన పనే. తెగిన పోగు వెతికి పట్టుకుని, కొసలు కలిపి నలిపాను. ముసలావిడ వంగి చూసి, లోపలికి గట్టిగా కేకేసింది. "ఆనుతున్నాయే అమ్మాయ్! కళ్ళు శుభ్రంగా ఆనుతున్నాయి!"

లోపల ఒక్కసారిగా నవ్వు పగిలింది. ఆ పిల్ల ఇంతసేపూ బిగబట్టింది ఆ నవ్వునేనట. నా చూపు చూసి వాళ్ళంతా నేను గుడ్డివాణ్ణని ఖాయం చేసుకున్నారు. సంబంధం వద్దనబోతుంటే, "పాపం, ఒకసారి చూడండి నాయనమ్మా" అని పోగు అతికించి పరీక్ష పెట్టమన్నది ఆ పిల్లేనట. తిరుగు రైల్లో, "మీరేగా రెప్ప వాల్చొద్దన్నారు?" అన్నాను. "అది కొట్లోరా వెధవా!" అన్నాడు మామయ్య.

ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ మొహంలో ఒక్క అబద్ధమూ పట్టలేకపోయాను. మొన్న పేపరు ముక్కుకి ఆనించుకు కూర్చుంటే, "కనిపిస్తోందా?" అని అడిగింది. "భేషుగ్గా!" అన్నాను. ఆవిడ నా మొహం వంక చూడనైనా లేదు. సూదీ దారం తెచ్చి చేతిలో పెట్టి, "అయితే ఇది ఎక్కించండి" అంది.

వెలుతురు చాలటం లేదంటూ అరుగు మీదకి వచ్చేశాను. లోపల్నించి అదే నవ్వు.