కప్పులో పడని ఎంగిలి

కువైట్ వచ్చిన కొన్నాళ్లకు నా నోరు ఎండిపోవడం మొదలైంది. ఏసీ గాలి వల్లనుకుని కట్టేశాను, కరెంటైనా కలిసొస్తుందని. చెమట పట్టింది గాని నాలుక తడవలేదు. ఖుబ్జ్ రొట్టె తింటే అంగిలికి అంటుకుపోయేది. పారేయడానికి మనసొప్పక చారులో నానబెట్టుకుని మింగేదాన్ని. చెవుల కింద బుగ్గలు ఉబ్బాక మా కోడలు కనిపెట్టేసింది. తను ఇక్కడే ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది.

రక్తం పరీక్షలయ్యాక, ఒంటిని కాపలా కాసే కణాలే లాలాజల గ్రంథుల మీద పడ్డాయని డాక్టరు చెప్పాడు. గ్రంథుల్లో ఇంకా ప్రాణం ఉంటే మందు పనిచేస్తుంది. లేకపోతే ఇక నీళ్లతోనే ముద్ద దిగాలి. అది తేలాలంటే, ఊరిన ఉమ్మును కాసేపు ఒక కప్పులోకి వదలాలి.

అక్కడే నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. మా ఇంట్లో నీళ్ల సీసాకు పెదవి తగిలితే నేను ఊరుకోను. ఎవరైనా గరిటె నాకితే వాళ్ల చేతి మీద ఆ గరిటెతోనే వేసేదాన్ని. అలాంటిది, మలయాళీ నర్సు ఎదురుగా నిలబడి చూస్తుంటే ఉమ్మాలట! నోట్లో కాస్త తడి చేరగానే మింగేశాను. మళ్లీ చేరింది, మళ్లీ మింగాను. లేచి కిటికీ దాకా వెళ్లాను, వచ్చి కూర్చున్నాను. కప్పు పొడిగానే ఉంది. నర్సు కలం తీసింది.

"ఏమీ రాలేదా అత్తయ్యా?" కోడలి మొహం పాలిపోయింది.

"వచ్చింది. మింగాను."

"మింగేశారా! ఇంకేం, గ్రంథి పోయిందని రాసేస్తారు!"

కోడలు నర్సును బతిమాలింది. కాసేపాగి మళ్లీ చేద్దామని ఆవిడ ఒప్పుకుంది.

"ఇంతకీ ఆ మందేం చేస్తుందే?" అన్నాను, ఊరికే కూర్చోలేక.

"కణాల మీద రిసెప్టర్లని ఉంటాయండి. కాలింగ్ బెల్లులనుకోండి. నరం నుంచి కబురొచ్చి బెల్లు నొక్కితే నోట్లో నీళ్లూరతాయి. మీ ఒంట్లో దానికేదో అడ్డం పడుతోంది. మందెళ్లి గట్టిగా నొక్కుతుంది."

"మరి ఈ బుగ్గల వాపో?"

"అది వేరే బెల్లండి, కాపలా కణాల మీదుంటుంది. దాని మీద పెట్టిన వేలు తియ్యట్లేదెవరూ. అందుకే అవి పరిగెత్తుకొచ్చి సొంతింటినే చితక్కొడుతున్నాయి."

"మన బిల్డింగు వాచ్‌మనే నయం. రోజూ ఎవరు మీరని అడుగుతాడు గాని కొట్టడు."

కోడలు నవ్వింది, వెంటనే ఆపేసింది. "ఎంత నొక్కినా తలుపు తియ్యడానికి లోపల మనిషుండాలి కదండీ. ఈసారి మింగకండి."

ఈసారి తను నాకూ నర్సుకీ మధ్య అడ్డంగా నిలబడింది. పమిట తల మీదికి లాక్కుని కప్పు మీదికి వంగాను. ఏమీ రాలేదు. నాలుకతో పళ్ల వెనకా, బుగ్గల్లోనూ వెతికాను. ఉన్న కాస్తా ఇందాకే మింగేశానా? మెడ నొప్పెట్టింది. లేచిపోదామనుకున్నాను. అంతలో కింది పెదవి మీద ఒక నురగ బొట్టు వేలాడింది. తుడుచుకోబోయిన చేతిని కోడలు పట్టేసుకుంది. బొట్టు తీగలా సాగి కప్పులో పడింది.

"తక్కువే. కానీ ఉంది," అన్నాడు డాక్టరు, కప్పు చూసి.

మాత్ర రేపు పొద్దున్న మొదలుపెట్టాలి. రాత్రి ఇంట్లో అన్నం ముందు కూర్చున్నాను గాని ముద్ద ఎత్తలేదు. మాత్ర వెళ్లి బెల్లు నొక్కితే లోపల మనిషి లేచి తలుపు తీస్తుందో లేదోనని నాలుకతో బుగ్గలు తడుముతూనే ఉన్నాను.