ఉస్తాద్ భార్య చూసిన పట్నం

లోకమంతటికీ హైదరాబాద్ చూపించిన మనిషి కట్టుకున్నదానికి మాత్రం చూపించలేదు. మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు అదొక్కటే. తాగుడు లేదు, చెయ్యెత్తడం లేదు, ఇంటికి తక్కువ చేసింది లేదు. కాబట్టి ఉన్న ఆ ఒక్క ఫిర్యాదునూ నేను బాగా పెంచి పోషించుకున్నాను.

శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచిన ఏడాదే ఆయన లారీ మానేసి తెల్ల కారు కొన్నాడు. విమానం దిగినవాళ్ళను ఎక్కించుకుని, ఒక్క రోజులో పట్నమంతా తిప్పి, మళ్ళీ విమానం వేళకు తెచ్చి దింపడం ఆయన పని. నడిపేదీ ఆయనే, కథలు చెప్పేదీ ఆయనే. పొద్దున గోలకొండ దగ్గర మొదలుపెడితే సాయంత్రం పహాడీ షరీఫ్ గుట్ట దాకా నోరు మూయడని ఆయన తోటి డ్రైవర్లు చెప్పుకునేవారు. ఇంటికి వచ్చేసరికి మాత్రం మాటలన్నీ బయటే ఖర్చయిపోయి, అన్నం పెట్టు, నీళ్ళు పెట్టు అనే రెండే మిగిలేవి.

నేను మామిడిపల్లి వైపు ఒక బడిలో టీచర్ని. నాకు దొరికేది ఆదివారం. గెస్టులు ఎక్కువ వచ్చేదీ ఆదివారమే. గెస్టులంటే ఇంటికి వచ్చే చుట్టాలు కారు, కారు ఎక్కేవాళ్ళు. కొత్తలో నెలకోసారైనా అడిగేదాన్ని. "జర ఆగరాదు. హైదరాబాద్ ఏడికి పోతది? మనదే గదా" అనేవాడు. స్టాఫ్ రూములో తోటి టీచర్లు "నీకేంది అక్కా, ఇంట్లనే గైడు" అంటే నవ్వి ఊరుకునేదాన్ని. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది అన్నట్టుండేది నా సంగతి. పట్నానికి నేను పోలేదని కాదు. దవాఖానకు పోయాను, పెళ్ళి బట్టలకు పోయాను, బడిపిల్లల్ని తీసుకుని జూకు పోయాను. జూలో నేను చూసింది పులిని కాదు, ఎవరు తప్పిపోతారోనని పిల్లల తలకాయల్ని.

అడిగి అడిగి ఒకనాడు అడగడం మానేశాను. ఆ సంగతి ఆయన గమనిస్తాడని, ఏమైందే అని ఒక్క మాట అంటాడని చాలా రోజులు చూశాను. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

తర్వాత ఒక వానాకాలం పొద్దున కారు కడుగుతూ కడుగుతూ బకెట్ పక్కన కూలిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. వాటితో పాటు మాట కూడా పోయింది. చెప్పినవన్నీ అర్థమవుతాయి, కానీ నోరు తెరిస్తే "ఆ" తప్ప ఇంకొకటి రాదు. కాలు కొంత కోలుకుని, కర్ర పట్టుకుని ఇంట్లో నడిచేదాకా వచ్చాడు. మాట మాత్రం తిరిగి రాదని డాక్టరు తేల్చేశాడు. పగలంతా మాట్లాడి బతికిన మనిషి వరండాలో కూర్చుని నెత్తిమీద పోయే విమానాలను చూస్తుండేవాడు. ఎన్నడూ నాతో మాట్లాడలేదని కోపం పెట్టుకున్నదాన్ని, ఇప్పుడు ఆ కోపం ఎవరి మీద చూపించాలి?

ఆయన దగ్గర పని నేర్చుకున్న డ్రైవర్ ఒకతను పహాడీ షరీఫ్‌లో ఉంటాడు. ఇద్దరు పిల్లల తండ్రి. కొన్నాళ్ళు ఈయన పక్క సీట్లో కూర్చుని తిరిగి, తర్వాత సొంత కారు పెట్టుకున్నాడు. ఈయనను ఉస్తాద్ అని పిలుస్తాడు, నన్ను భాభీ అంటాడు. శుక్రవారం నమాజ్ అయ్యాక పండ్లు పట్టుకుని వచ్చి, ఉస్తాద్ పక్కన కాసేపు కూర్చుని పోతుండేవాడు. ఒకసారి చాయ్ తాగుతూ అన్నాడు, "నేను గెస్టులకు చెప్పేటియన్ని ఉస్తాద్ మాటలే భాభీ. ఒక్కటి గూడ మార్చలే. మారిస్తె మజా పోతది."

ఆ మాట నా చెవిలో ఉండిపోయింది. ఆయన గొంతు పోయింది గాని ఆయన మాటలు ఒక చోట భద్రంగా ఉన్నాయన్నమాట. ఎండాకాలం సెలవులు వచ్చాయి. మా అమ్మాయి ఇంటర్ పరీక్షలు రాసి మేనమామ ఇంటికి పోయింది. మరుసటి శుక్రవారం అతను వచ్చినప్పుడు అడిగాను.

"మమ్మల్నిద్దర్ని ఒక రోజు పట్నం తిప్పుతవా తమ్మీ? ఉత్తగ తిప్పుడు కాదు. గెస్టులకు ఎట్ల చెప్తవో గట్లనే అన్నీ చెప్పాలె."

"గింత మాటకు అడగాల్నా భాభీ" అన్నాడు అతను.

మా ఆయన తల అడ్డంగా ఊపాడు. కర్ర ఎత్తి నేలమీద కొట్టాడు కూడా. కుంటుకుంటూ నలుగురి కళ్ళబడడం ఆయనకు నామోషీ అనుకున్నాను. "ఇన్నేళ్ళు నువ్వు వద్దన్నవు, నేను ఊకున్న. ఇప్పుడు నేను పోదామంటున్న, నువ్వు ఊకో" అన్నాను. నోరులేని మనిషితో వాదన గెలవడం ఏం గొప్ప? ఆయన తల దించుకున్నాడు.

తెల్లవారగానే బయలుదేరాం. ఆయనను ముందు సీట్లో కూర్చోబెట్టి, నేను వెనక కూర్చున్నాను. గెస్టులు కూర్చునేది అక్కడేనట. ఆరాంఘర్ దాటి పైవంతెన ఎక్కగానే అతను గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. గెస్టులకు ఉర్దూలో, వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పేదంతా నాకోసం తెలుగులోకి తిప్పాడు. రాజుల సంగతులు, వజ్రాల సంగతులు, మధ్యలో ఒక చమత్కారం. నాకు భలే సంతోషంగా ఉండింది. ఈ మనిషి నోట్లో ఇంత ముచ్చట ఉండేదా అని వెనక నుంచి మా ఆయన మెడవైపు చూసుకుంటూ కూర్చున్నాను.

గోలకొండలో ఎండ ఇంకా ముదరలేదు. ఆయన్ను మెల్లగా లోపలి కమాను దాకా నడిపించి ఒక రాయిమీద కూర్చోబెట్టాం. అతను కమాను కింద నిలబడి చప్పట్లు కొట్టి, ఇక్కడ కొడితే కోట పైన వినిపిస్తుందని చెప్పాడు. ఆ వెంటనే నావైపు తిరిగాడు.

"మీకు తెల్వనిదా భాభీ. పెళ్ళైన కొత్తల ఉస్తాద్ మిమ్మల్ని ఈడనే నిలబెట్టి తను పైకెక్కిండంట గదా. ఎంతసేపటికి రాకపాయె. ఇడ్సిపెట్టి పోయిండని మీరు పరేషానై చప్పట్లు కొట్టుకుంటనే ఉన్నరంట. పైన విని ఉరికొచ్చిండంట. ఈ కథ చెప్తె గెస్టులు మస్తు నవ్వుతరు."

ఆ కమాను కింద నేను నిలబడడం ఆ రోజే మొదటిసారి. నేనెప్పుడు వచ్చాను, ఎప్పుడు కొట్టాను అని అడగబోయి మా ఆయనను చూశాను. తల దించుకుని కర్రతో నేలమీద మట్టి గీస్తున్నాడు. ముందురోజు తల అడ్డంగా ఎందుకు ఊపాడో అప్పుడు తెలిసింది.

"ఏమో తమ్మీ. ఎన్నటి ముచ్చటో" అన్నాను.

అక్కడి నుంచి టాంక్‌బండ్ పోయేదాకా నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, సరే. కానీ నన్ను అడగకుండా నా మీద ముచ్చట అల్లి ఊరూపేరూ తెలియనివాళ్ళకు పంచుతాడా? టాంక్‌బండ్ మీద ఇంకొకటి వచ్చింది. బుద్ధుడి దగ్గరికి పోయే లాంచిలో నేను భయపడి ఆయన కాలరు పట్టుకున్నానట. గుండీ తెగి నీళ్ళలో పడిందట. లాంచి ఎక్కడం మాట అటుంచి, ఆ నీళ్ళను నేను ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తప్ప చూసినదాన్ని కాను. దారిలో చాయ్ హోటల్ ముందు ఆగితే అక్కడా నేనున్నాను. ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి, అది విరిగి అడుగుకు పోతే చిన్నపిల్లలా అలిగానట.

ఇక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ అలిగిన మనిషి మీద నాకు ఈర్ష్య పుట్టింది. ఉస్తాద్ భార్య అన్నీ చూసింది. భయపడితే పట్టుకోవడానికి ఆమెకు మొగుడి కాలరు దొరికింది, అలిగితే బతిమాలేవాడు దొరికాడు. ఆదివారాలు బట్టలు ఉతుక్కుంటూ, పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్న నాకు అలిగే తీరిక కూడా లేకపోయింది.

మధ్యాహ్నం దాటాక చార్మినార్ చేరాం. జనం మధ్యలో కారు మెల్లగా పాకుతోంది. లాడ్ బజార్ వైపు చెయ్యి చూపించి అతను మళ్ళీ ఎత్తుకున్నాడు. అప్పుడే నా చూపు పైనున్న అద్దంలో పడింది. అందులో మా ఆయన ముఖం కనిపిస్తోంది. పెదవులు కదులుతున్నాయి. అతను ఒక్కో మాట అంటుంటే ఈయన పెదవులు గొంతు లేకుండా ఆ మాటే అంటున్నాయి. ఎక్కడ ఆపాలో అక్కడ ఆపుతున్నాయి. నవ్వించే చోట ఒకవైపు పెదవి కొంచెం పైకి లేస్తోంది. మాట పడిపోయాక ఆ ముఖంలో అంత ప్రాణం నేను చూడలేదు.

"లక్క గాజుల కోసం భాభీ ఈడ దుకాన్ దుకాన్ తిరిగిందంట. ఎర్రయే కావాలె, ఇంకో రంగు వద్దని పట్టు పట్టిందంట. నిజమేనా భాభీ?"

లేదు అంటే అయిపోయేది. ఉస్తాద్ అబద్ధాలకోరని పహాడీ షరీఫ్ నుంచి విమానాశ్రయం దాకా డ్రైవర్లందరికీ తెలిసిపోయేది. నా కోపమూ తీరేది. అద్దంలో ఆయన పెదవులు ఆగిపోయాయి.

"ఎర్రయి కాదు తమ్మీ. పచ్చయి" అన్నాను. "మీ ఉస్తాద్‌కు రంగులు గుర్తుండవు."

అతను పెద్దగా నవ్వి, ఇకనుంచి పచ్చ గాజులనే చెప్తానన్నాడు. మా ఆయన తిరిగినంత మేర మెడ తిప్పి నన్ను చూశాడు. చూస్తూనే ఉన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను అంతసేపు చూసిన గుర్తు నాకు లేదు.

ఆ తర్వాత నేనే ఒకటి రెండు కలిపాను. గాజులు తొడుగుతుంటే చెయ్యి గీసుకుపోయిందన్నాను. గెస్టులను మెప్పించడానికే ఆయన ఇవన్నీ అల్లాడో, నన్ను తిప్పలేకపోయిన బాధకు అల్లాడో నాకు తెలియదు. అడుగుదామంటే జవాబు చెప్పే నోరు లేదు. నోరున్న రోజుల్లో ఒక్కసారి నేను ఇంకొంచెం గట్టిగా అడిగి ఉంటే, ఆయన ఒక్క ఆదివారం గెస్టులను వద్దని ఉంటే, ఇందులో సగమైనా నిజమై ఉండేది.

చాంద్రాయణగుట్ట దాటి పహాడీ షరీఫ్ చేరేసరికి ఎండ చల్లబడింది. దర్గా గుట్ట కింద కారు ఆపాడు. గెస్టులను మెట్లెక్కించి పైనుంచి పట్నమంతా ఒక్కసారి చూపించి, ఆ తర్వాత విమానాశ్రయంలో దింపుతారట. మా ఆయన ఎక్కలేడు కాబట్టి కారులోనే ఉండిపోయాం. పూల బుట్టలవాళ్ళు, అగరుబత్తుల వాసన, పైన ఒక విమానం దిగుతోంది.

"ఈడ ఆఖరి కథ భాభీ" అన్నాడు అతను వెనక్కి తిరిగి. "ఉస్తాద్ ఈడికి తెచ్చి సగంల ఆపుతడు. ఇంటికి మళ్ళేటప్పుడు మా ఇంటామె ఈ మెట్ల మీద నన్నొకటి అడిగింది అంటడు. ఏమడిగింది అంటె, అది ఆమెనే అడగాలె అని కారు స్టార్ట్ చేస్తడు. నాకు గూడ చెప్పలే. ఇగ మీరే చెప్పాలె. ఏమడిగిన్రు?"

మా ఆయన ముందుకు చూస్తూ కదలకుండా కూర్చున్నాడు. ఆ జవాబు ఆయన కూడా ఎప్పుడూ అల్లుకోలేదని నాకు అర్థమైంది. అది నాకోసమే ఖాళీగా వదిలిపెట్టాడు. నాకు ఆలోచించాల్సిన పని లేకపోయింది.

"మళ్ళ ఎప్పుడు తోల్కొస్తవ్ అని అడిగిన" అన్నాను.

"మరి మళ్ళ తోల్కొచ్చిండా?"

"లేదు" అన్నాను.

అతను ముందుకు తిరిగి కారు తీశాడు. మామిడిపల్లి దారిలో మా ఆయన భుజాలు కదలడం చూశాను. నాకూ ఏడుపు ఆగలేదు. ఇద్దరం ఎందుకు ఏడుస్తున్నామో తెలియక అతను ఏసీ తగ్గించి, అద్దం దించి, మళ్ళీ ఎక్కించాడు. విమానాశ్రయం దీపాలు దాటి శంషాబాద్ చేరాం.

మేమిద్దరం కలిసి పట్నం చూసింది ఆ ఒక్క రోజే. ఆ రోజు కూడా రెండోసారి వచ్చినవాళ్ళలా నటించాం. దాంతో నేను గోలకొండను, చార్మినార్‌ను మొదటిసారి చూసిన ముఖంతో చూడలేకపోయాను, ఆయన ఆ ముఖాన్ని చూడలేకపోయాడు.