రెండు రోజులు ఆగమన్న స్వరూప

గ్రూప్-2 రాయడానికి దుబ్బాక దగ్గరి పల్లె నుంచి హైదరాబాద్‌లోని అశోక్‌నగర్ వచ్చింది స్వరూప. రెండుసార్లు రాసింది, రెండుసార్లూ కొద్ది మార్కుల్లో పోయింది. మూడో నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ, చిక్కడపల్లిలో ఆన్‌లైన్ మాక్ టెస్టులు పెట్టే చిన్న కంపెనీలో ప్రశ్నలు టైపు చేసే పనికి కుదిరింది. అక్కణ్నించి డేటాబేస్ పనికి ఎలా వచ్చావని అడిగితే, "చూసేటోళ్లు ఎవరు లేకుండె, నేనే చూసిన" అంటుంది. ఇప్పుడామెకు ముప్పై నాలుగేళ్లు. లక్షన్నర మంది అభ్యర్థులు రాసిన జవాబులన్నీ ఆమె చేతిలోనే ఉన్నాయి.

ఆ జవాబులు నారాయణగూడలో ఒక అద్దె గదిలో, ఐదు సర్వర్లలో పంచి ఉండేవి. ఒకటి పాడైనా పని ఆగకుండా, ప్రతి జవాబుపత్రమూ మూడింటిలో ఉంటుంది. జూన్‌లో ఆ గది ఖాళీ చేయాల్సి వచ్చింది. ఆదివారం గ్రాండ్ టెస్టు కాగానే సోమవారం అంతా కొత్త సర్వర్లకు మార్చేద్దామన్నాడు యజమాని భానుప్రకాశ్.

"ముందుగాల బ్యాకప్ తీస్త సార్," అంది స్వరూప.

"మూడేసి కాపీలున్నాయి కదమ్మా, మళ్లీ ఎందుకు?"

"మనం తప్పుజేసి ఒకటి తీసేస్తే మూడు కాడా పోతది సార్. పక్కకు తీసి పెట్టుకున్నదే మనది."

ఆయన సరేనన్నాడు.

శనివారం పొద్దున సురేశ్ అనే అభ్యర్థి మెట్లెక్కి ఆఫీసుకే వచ్చేశాడు.

"అక్కా, పోయిన వానకాలం రాసిన టెస్టులు ఒకసారి కనవడ్తున్నయ్, ఇంకోసారి తెరిస్తే లేవు. ఫోన్ చేస్తే మీవోళ్లు నెట్ స్లో అంటున్నరు."

స్వరూప అతణ్ని కూర్చోబెట్టి, అతని పేజీ తెరిచింది. పద్నాలుగు టెస్టులు. మళ్లీ తెరిచింది. తొమ్మిది. పోయిన వానల్లో మూడో సర్వర్ పన్నెండు రోజులు ఆగిపోయింది. దాన్ని మళ్లీ నడిపించింది తనే. ఆ పన్నెండు రోజుల జవాబులు దానికి అందాయో లేదో మాత్రం చూడలేదు. పేజీ ఆ సర్వర్ నుంచి తెరుచుకున్నప్పుడల్లా అవి కనబడవు.

నేరుగా భానుప్రకాశ్ గదిలోకి వెళ్లింది.

"తప్పు నాదే సార్. ఇట్లనే బ్యాకప్ తీస్తే లోపాలు గూడ కొత్తదాంట్లకే పోతయ్. రెండు రోజులు ఆగాలె."

"గురువారం గది తాళాలు ఇచ్చేయాలమ్మా!"

"బుధవారం అయిపోతది."

ఆయన కాసేపు గోడ క్యాలెండర్ వంక చూశాడు. "సరే. నీకేం కావాలి?"

"ఎవ్వరు నన్ను పిలవకుంటే చాలు సార్."

ఆదివారం టెస్టు ముగిసినప్పటి నుంచి సోమవారం సాయంత్రం దాకా సర్వర్లు ఒకదానితో ఒకటి పోల్చుకుని, లేనివి నింపుకున్నాయి. ఆ తర్వాత ఐదు సర్వర్లకూ ఒకే సమయానికి బ్యాకప్ తీసింది. మంగళవారం దాన్ని కొత్త సర్వర్లలో పోసి, పాతవాటిలోని జవాబుల లెక్కతో సరిచూసింది. సరిపోయింది. అయినా నమ్మకం కుదరక వంద మంది పేజీలు తెరిచి చూసింది. బుధవారం మధ్యాహ్నం, అభ్యర్థులు రీడింగ్ రూముల్లో చదువుకుంటూ టెస్టులు రాయని వేళ, టెస్టులు రెండు గంటలు ఆపి, ఈలోగా వచ్చిన జవాబులు కూడా చేర్చి, కొత్త సర్వర్లు తెరిచింది. సురేశ్ పేజీ పదిసార్లు చూసింది. పదిసార్లూ పద్నాలుగే.

మార్పు జరిగిందని అభ్యర్థుల్లో ఎవరికీ తెలియలేదు. ఆమెకు కావలసిందీ అదే.

పొద్దుండగానే నల్లకుంటలోని ఇంటికి చేరింది. తల్లి లక్ష్మవ్వ వాకిట్లోనే ఉంది.

"ఏం పనిజేసి వచ్చినవ్ బిడ్డా, మొఖం గింత కళగున్నది?"

"ఆఫీసు సామానంతా కొత్త జాగకు మార్చిన అమ్మా."

"ఏమన్న పలిగినయా?"

"ఒక్కటి గూడ పలగలే."

"మంచిగైంది. కాళ్లు గడుక్కొని రా, బెండకాయ వండిన."