నేనేసిన నాలుగు మార్కులు

స్కూల్లో ఫుట్‌బాల్ ఆడేటప్పుడు గోల్‌పోస్టుకి ఇటుకలు దొరకని రోజున నన్ను నిలబెట్టేవాళ్లు. ఆ ఆటతో నా సంబంధం అంతవరకే. అయినా సింగపూర్‌లో ఒక ప్రొఫెషనల్ జట్టులో ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి అని మాట్లాడుకునే గదిలో నేను రెండు సీజన్లు కూర్చున్నాను. జీతం లేదు. ఒక జెర్సీ, మెడలో వేసుకోవడానికి నా ఫోటో ఉన్న కార్డు ఇచ్చారు. ఆ కార్డు వేసుకుని అవసరం లేకపోయినా కింది షాపుకి వెళ్లి పాలు కొనుక్కొచ్చిన రోజులున్నాయి. ఇప్పుడది గుర్తొస్తే తల కొట్టేసినట్టుంటుంది.

నన్ను ఆ గదిలోకి తీసుకెళ్లింది ఆ జట్టులోని ఒక డిఫెండరే. జురాంగ్ వెస్ట్‌లో మా బ్లాకు పక్కన వరసగా తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో ఒక సాయంత్రం నేను ఫోన్లో మా అక్కతో గొడవ పెట్టుకుంటున్నాను. పక్క టేబుల్ దగ్గర అన్నం తింటున్న పొడుగాటి మనిషి, నేను ఫోన్ పెట్టేసేదాకా ఆగి, “అన్నా, మీరు తెలుగా? మా పాట్టి తెలుగే. నాకు కొంచం కొంచం వచ్చును,” అన్నాడు. వాళ్ల ముత్తాత ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. నానమ్మని తమిళంలో పాట్టి అని పిలుస్తారు, ఆవిడతో మాత్రం తెలుగు మాట్లాడతారు, మిగతా లోకంతో ఇంగ్లీషు, మలయ్. అతనికి అప్పుడు ముప్ఫై నాలుగేళ్లు. ఇల్లు బెడోక్‌లో, అంటే ఊరికి ఆ చివర. రోజూ రైలెక్కి ఈ చివరికి ప్రాక్టీసుకి వస్తాడు. ఏం చేస్తావని అడిగితే, “బాల్ ఆడతాను అన్నా, అదే పని,” అన్నాడు. సరదాకి అంటున్నాడనుకున్నాను.

ఆ శనివారం మ్యాచ్‌కి పిలిచాడు. స్టాండ్‌లో ఉన్నవాళ్లకంటే ఖాళీ కుర్చీలే ఎక్కువ. జట్టు ఓడిపోయింది. తర్వాతి వారం కూడా ఓడిపోయింది. నేను బ్యాంకులో డేటా పని చేస్తానని విని, అతనే నన్ను కోచ్ దగ్గరికి తీసుకెళ్లాడు. “ఈ అన్న నంబర్లు చూస్తారు. మన దగ్గర ఆ పనికి ఎవరూ లేరు కదా,” అని చెప్పాడు. కోచ్ అరవై దాటిన చైనీస్ మనిషి, మాట తక్కువ. నన్ను ఎగాదిగా చూసి, సరే రమ్మన్నాడు. ఆ గదిలో నాకు దొరికిన కుర్చీ ఆ డిఫెండర్ వేసిందే. ఇది గుర్తుపెట్టుకోకుండా మిగతాది చదివితే నా మీద జాలి కలిగే ప్రమాదం ఉంది.

నా పని మ్యాచ్ వీడియోలు చూసి లెక్కపెట్టడం. ఎవరు ఎన్నిసార్లు బంతి లాక్కున్నారు, ఎన్ని పాసులు సరిగ్గా వెళ్లాయి, ఎవరు ఎంత పరిగెత్తారు. ప్రాక్టీసు అయ్యాక అతను తడి జుట్టుతో వచ్చి నా పక్కన కూర్చునేవాడు. “మకాన్ అయిందా అన్నా?” అని అడిగి, భోజనం అవలేదంటే తన డబ్బాలోంచి సగం నాకు పెట్టేవాడు. నా పట్టికలో అతని అంకెలు ఎప్పుడూ తక్కువే. ఒకరోజు అడిగేశాను, నువ్వు బంతి లాక్కోవడమే కనబడదేంటని. అతను నవ్వాడు. “నేను కింద పడి బాల్ తీసుకున్నాను అంటే, దానికి ముందే తప్పు చేసినాను అని అన్నా. ముందే పోయి నిలబడితే ఆ పక్కకి వాళ్లు బాల్ వెయ్యరు. కెమెరా బాల్ వెనకే పోతుంది. నా పని బాల్ లేని చోట.”

నేను నమ్మలేదు. పై వారం మ్యాచ్‌లో గోల్ వెనక కంచె దగ్గర నిలబడి చూశాను. తొంభై నిమిషాలు అతని నోరు మూతపడలేదు. ఒకణ్ణి రెండడుగులు ఎడమకి జరగమంటాడు, ఇంకొకణ్ణి వెనక్కి చూసుకోమంటాడు, తను నాలుగడుగులు ముందుకేసి ఊరికే నిలబడతాడు. ఎదుటి జట్టువాడు అతన్ని చూసి బంతిని వేరే వైపు తిప్పేస్తాడు. నా పట్టికలో దానికి గడి లేదు. కానీ నాకు తెలుసు. తర్వాత జరిగినదానికి తెలియక చేశానని చెప్పుకునే వీల్లేదు.

ఆ సీజన్ అట్టడుగున ముగించాం. అక్కడ చాలామందికి కాంట్రాక్టు ఒక్కో ఏడాదికే. వచ్చే సీజన్‌కి మాకు గోల్ కొట్టే ఫార్వర్డ్ కావాలి, ఎడమ వైపు వేగంగా పరిగెత్తేవాడు కావాలి, రెండో గోల్‌కీపర్ కావాలి. బయటి దేశాల వాళ్లని ఇంతమందినే తీసుకోవాలని నియమం, కుర్రాళ్లు ఇంతమంది ఉండాలని ఇంకో నియమం. కొత్తవాళ్లు రావాలంటే ఉన్నవాళ్లు కొందరు పోవాలి. కోచ్ ఒక పద్ధతి పెట్టాడు. నా అంకెలు ఒక వరస. దాని పక్కన, అంకెలకి దొరకని ఆటకి పదికి మార్కులు. అవి కోచ్, అసిస్టెంట్ కోచ్, నేను, ముగ్గురం విడివిడిగా వేసి పంపాలి. కోచ్ అన్నీ కలిపి వరస పెట్టి గీత గీస్తాడు. గీత కింద ఉన్నవాళ్లకి కాంట్రాక్టు ఉండదు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం అతనితో కలిసి లిటిల్ ఇండియా వెళ్లాను. వాళ్ల పాట్టికి గోంగూర కావాలట. సెరంగూన్ రోడ్డు మీద జనంలో ఒకరి వెనక ఒకరం నడుస్తుంటే, వెనక్కి తిరక్కుండానే చెప్పాడు. “ఇంకొక్క సంవత్సరం ఉంటే చాలు అన్నా. టీమ్‌లో ఉంటేనే క్లబ్ నన్ను కోచింగ్ కోర్సుకి పంపుతుంది. అది అయితే చిన్న పిల్లల టీమ్ నాకే ఇస్తాను అన్నారు. ఇప్పుడు పోతే ఈ వయసుకి నన్ను ఎవరు పిలుస్తారు?” మార్కులు వేసేవాళ్లలో నేనూ ఉన్నానని అతనికి తెలుసు. ఒక్క మాట సాయం అడగలేదు. వెంటనే గోంగూర ఎర్ర కాడదా తెల్ల కాడదా, ఏది పుల్లగా ఉంటుందని అడిగాడు.

అడిగి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. అడిగాడు కాబట్టి వెయ్యలేదని చెప్పుకోవడానికైనా ఉండేది.

అసలు జరిగింది చాలా చిన్న విషయం. మార్కులు పంపాల్సిన వారంలో అసిస్టెంట్ కోచ్ అందరి ముందూ నన్ను ఆటపట్టించాడు. “ఏంటి, మీ తమ్ముడికి పదికి పదకొండు వేస్తున్నావా లా?” అన్నాడు, మాట చివర అక్కడివాళ్లు తగిలించే ‘లా’తో సహా. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ చెవులు వేడెక్కాయి. నాకు ఆట తెలియదని, అతను తీసుకొస్తే వచ్చానని వాళ్లందరూ లోపల అనుకుంటున్నారని నాకెప్పుడూ అనుమానమే. మనవాడు మనవాడికి వేసుకున్నాడని అనిపించుకోవడం కంటే అవమానం ఇంకోటి లేదనిపించింది. ఇంటికొచ్చి మా ఆవిడతో, మార్కులంటే నిష్పక్షపాతంగా ఉండాలని ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆమె కూరగాయలు కోస్తూ మధ్యలో ఆపేసింది.

“ఆయన మంచిగ ఆడ్తడని నెల సంది నువ్వే చెప్తున్నవ్ గద. గదే రాయి.”

“అట్ల రాస్తే మావాడని వేసిన అనుకుంటరు.”

“అనుకుంటే అనుకోనీ. నీకేం పోతది? పోతే ఆయనకి పోతది.”

ఆమెకి ఆఫీసు వ్యవహారాలు తెలియవని అన్నాను. ఆమె నాకంటే పెద్ద ఆఫీసులో పని చేస్తుంది.

శుక్రవారం సాయంత్రం మార్కులు వేశాను. ఎడమ వైపు ఆడే కుర్రాడికి పట్టుదల ఉందని ఏడు. విదేశీ ఫార్వర్డ్‌కి ఎనిమిది, అతను ఎదురుపడినప్పుడల్లా నన్ను పేరు పెట్టి పలకరిస్తాడు, అంతకు మించి కారణం లేదు. డిఫెండర్ పేరు దగ్గర మొదట తొమ్మిది కొట్టాను. చెరిపి ఏడు చేశాను. అసిస్టెంట్ నవ్వు గుర్తొచ్చింది. ఏడు కూడా ఎక్కువే అంటాడేమో. ఆరు. అయిదు. చివరికి నాలుగు దగ్గర ఆగాను. నాలుగు వేశాక నాకు ఎంతో గొప్పగా అనిపించింది. ఇది చెప్పకపోతే మిగతాదంతా రాయడం దండగ. మొహమాటానికి లొంగని మనిషినని, ఈ ధైర్యం ఎంతమందికుంటుందని నన్ను నేను మెచ్చుకుని హాయిగా భోజనం చేశాను.

మర్నాడు పొద్దున మీటింగ్. తెర మీద అందరి మొత్తాలు వరసగా ఉన్నాయి. గీతకి సరిగ్గా కింద మొదటి పేరు అతనిది. కోచ్ దాని వంక చాలాసేపు చూసి నా వైపు తిరిగాడు.

“ఇతనికి నువ్వేసిన నాలుగు. ఖాయమేనా?”

అసిస్టెంట్ తల తిప్పి నన్ను చూశాడు. ఈసారి నవ్వలేదు. నేను గొంతు సవరించుకుని వయసు గురించి చెప్పాను, అంకెల గురించి చెప్పాను. ఆ అంకెలు అతని ఆటని పట్టుకోలేవని నాకు నేర్పినవాడి మీదే వాటిని వాడాను. ఇరవై నిమిషాల్లో కొత్త ఫార్వర్డ్ ఎక్కడి నుంచి తేవాలనే మాటల్లో పడిపోయాం.

అందరూ వెళ్లాక కోచ్ నన్ను ఆగమన్నాడు. రెండు కాఫీలు తెప్పించాడు. “నేను తొమ్మిది వేశాను,” అన్నాడు. “అసిస్టెంట్ ఎనిమిది వేశాడు. నువ్వు ఆరు వేసినా అతను గీత పైన ఉండేవాడు. నేను ముసలివాణ్ణయ్యాను, పాత ఆటగాళ్లంటే ప్రేమ ఎక్కువైందేమో అనుకున్నాను. రోజూ పక్కన కూర్చుని చూసేవాడివి నువ్వు. నువ్వే నాలుగు వేశావంటే, నాకు కనబడనిది ఏదో నీకు కనబడి ఉంటుంది.”

జాబితా ఇంకా ఆఫీసుకి పోలేదు. మధ్యాహ్నం పంపుతానని అన్నాడు కూడా. అంటే నాకు రెండు గంటల సమయం ఉంది, ఎదురుగా వినే మనిషి ఉన్నాడు. తప్పు వేశాను, తొమ్మిది వెయ్యాల్సింది అంటే చాలు. కానీ మరి నాలుగు ఎందుకు వేశావని అడుగుతాడు. దానికి నిజం జవాబు చెప్పాలంటే, మీరు నన్ను చూసి నవ్వుతారని భయపడ్డానని చెప్పాలి. నేను కాఫీ తాగి, థాంక్యూ చెప్పి, రైల్లో రెండు స్టేషన్లు దాటి ఇంటికెళ్లిపోయాను.

సోమవారం అతనే ఫోన్ చేశాడు. “అన్నా, అయిపోయింది,” అన్నాడు. అయ్యో అన్నాను. నేను బాధపడుతున్నాననుకుని నన్నే ఓదార్చాడు. “పరవాలేదు అన్నా, బాల్ అంటే ఇంతే.”

తర్వాతి సీజన్ కూడా నేను అక్కడే ఉన్నాను. అతని స్థానంలో వచ్చినవాడు మ్యాచ్‌కి పదిసార్లు కింద పడి బంతి లాక్కునేవాడు. నా పట్టికలో అందరికంటే పైన ఉన్నాడు. మాకు పడిన గోల్స్ మాత్రం అంతకు ముందు ఏడాది కంటే పెరిగాయి. వాటిని లెక్కపెట్టే పని కూడా నాదే. ఆ సీజన్ అయ్యాక బ్యాంకులో పని పెరిగిందని చెప్పి మానేశాను. పెరగలేదు.

అతను పొద్దున పూట సామాన్లు చేరవేసే వ్యాన్ నడపడం మొదలుపెట్టాడు. కోర్సుకి సొంతంగా వెళ్లే వీలు కుదరలేదు. కిందటేడు ఒక స్కూల్లో పిల్లలకి ఆట నేర్పే ఉద్యోగం పడితే, దానికి అప్లై చేస్తూ నన్నొక ఉత్తరం రాసిమ్మని అడిగాడు. “మీరు నా ఆట బాగా చూసినారు కదా అన్నా,” అన్నాడు. అరగంటలో రాసేశాను. ఒక్క మాట కోసం కూడా వెతుక్కోవలసిన అవసరం రాలేదు. ముందే చేరి నిలబడటం, పక్కవాళ్లని నడిపించడం, బంతి లేని చోట చేసే పని, గోల్ వెనక నిలబడి నేను విన్నదంతా అందులో ఉంది.

ఉత్తరం ఇవ్వడానికి బెడోక్‌లో వాళ్లింటికి వెళ్లాను. పాట్టి భోజనం చేసి కానీ వెళ్లకూడదంది. ఆవిడకి ఎనభై అయిదు దాటి ఉంటాయి, నడుం వంగింది, తెలుగు మాత్రం నాకంటే స్పష్టంగా ఉంది. అతను కంచం ముందు కూర్చుని ఉత్తరం రెండుసార్లు చదివాడు. ఏముందిరా అందులో అని ఆవిడ అడిగితే, వచ్చీరాని తెలుగులో వాక్యం వాక్యం చెప్పాడు. “నేను నిలబడిన చోటికి బాల్ రాదని రాసినారు పాట్టీ. నా మాట విని మిగతావాళ్లు బాగా ఆడతారని రాసినారు.” తర్వాత కాగితం మడిచి నా వైపు చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు. ఉంటే నాకు నయంగా ఉండేది.

“ఇది అంతా ఆ రోజు మీటింగ్‌లో కూడా చెప్పినారా అన్నా?”

“చెప్పాను,” అన్నాను.

“తెలుసు అన్నా. కోచే విని ఉండడు.” అతను పాట్టికి కూడా అదే చెప్పాడు, అన్న చెప్పినా కోచ్ వినలేదని.

“వాడి నోట్లో మన్నుపడ,” అంది పాట్టి. “పిల్లాడి కష్టం కళ్లబడని గుడ్డి సచ్చినోడు.” ఇంకా చాలా తిట్టింది. తొమ్మిది వేసిన మనిషిని ఆవిడ అన్ని మాటలంటుంటే నేను తల వంచుకుని అన్నం కలుపుతూ కూర్చున్నాను. కాసేపటికి ఆవిడ గరిట పట్టుకుని నా పక్కకొచ్చి, ఇంకొంచెం పప్పు వెయ్యనా బాబూ అని అడిగింది. వెయ్యమన్నాను.