డూగల్ కోటు మీద నాలుగు పార్టీలు

డూగల్ గెడ్డెస్ ఒక వీధిలో ఉన్న పార్టీలో ఇంకో వీధిలో ఉండడు. గని వీధిలో కోటుకి ఎర్ర రిబ్బను పువ్వు పెట్టుకుని లేబర్. మలుపు తిరిగితే పసుపు పువ్వు, నేషనలిస్టు. చర్చి వెనక నీలం, టోరీ. రేవు దగ్గర నారింజ, లిబరల్. ఎన్నికలున్నా లేకపోయినా కాలుగాలిన పిల్లిలా కిల్‌బ్రెక్ ఊరంతా తిరుగుతూనే ఉండేవాడు.

అక్క ఎఫీకి ఇది తలవంపులు. ఆవిడ లేబర్ శాఖ కార్యదర్శి. గని కార్మికుడైన వాళ్ళ నాన్న బతికున్నన్నాళ్ళూ, ఇంట్లో ఎవరైనా టోరీ పేరెత్తితే నోరు కడుక్కుని రమ్మనేవాడు.

"ఒరేయ్, నీకు సిగ్గూ శరమూ లేవట్రా?"

"ఉన్నాయక్కా. టైమే లేదు," అంటూ స్కోను రొట్టె నోట్లో కుక్కుకుని మాయమయ్యేవాడు.

ఆ ఊరి పార్టీలకి ఒకరి గాలి ఒకరికి పడదు. విడిపోయి స్వతంత్ర దేశం కావాలా అన్న ఓటింగప్పుడు లేబరూ టోరీలూ వద్దంటూ ఒక్క పూట ఒకే వేదికెక్కారు. ఆ అవమానానికి ఈనాటికీ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోరు. అలాంటిది, నాలుగు పార్టీలూ ఒక సాయంత్రం చర్చి హాల్లో ఒక్కటయ్యాయి. దేనికీ? డూగల్‌ని తరిమెయ్యడానికి!

"నాలుగు పార్టీల్లోనూ సభ్యుడా? ఎక్కడైనా ఉందా?" అని టోరీ లాయరు బల్ల గుద్దాడు.

"పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మీ మాట ఒప్పుకుంటున్నా," అన్నాడు నేషనలిస్టు నాయకుడు, ఆముదం తాగినవాడిలా.

డూగల్ గడియారం కేసి చూసి, "తొందరగా తరిమెయ్యండి బాబూ, నాకు పనుంది," అన్నాడు.

తరిమేశారు. నాలుగు పువ్వులూ లాక్కుని ఎఫీ సంచిలో వేశారు. డూగల్ కుర్చీ కింది సూపు క్యాను అందుకుని ఒకటే పరుగు. నాలుగు చీవాట్లు పెట్టాలని ఎఫీ వెంటపడింది.

చర్చి వెనక, మిసెస్ ఆక్టర్‌లోనీ గుమ్మం ముందు దొరికాడు. కిటికీలోంచి ముసలావిడ అరుస్తోంది.

"నీలం ఏదయ్యా? నీలం లేనివాడికి నా తలుపు తియ్యను!"

"ఎక్కడో పోయిందండీ. సూపు చల్లారిపోతోంది, తియ్యండి."

"అది లేబర్ సూపేమో! పస్తుంటాను గానీ ముట్టను!"

ఎఫీ నోరెళ్ళబెట్టింది. "ఏంట్రా ఇదంతా?"

"పొద్దుట్నించీ ఏమీ తినలేదక్కా ఆవిడ," అని గుసగుసలాడాడు డూగల్. "కళ్ళానవు, రంగే గుర్తు. గని వీధి వాట్ తాతకి ఎరుపు కనబడకపోతే మందు మింగడు. అందరూ ఒంటిగా ఉన్నవాళ్ళే, ఒక్కొక్కళ్ళది ఒక్కో మొండిపట్టు. ఏం చెయ్యను? అన్ని పార్టీల్లోనూ చేరిపోయా."

"నాతో చెప్పొచ్చుగా!"

"చెబితే వచ్చి వాళ్ళతో వాదన పెట్టుకుంటావు."

పిచ్చి వెధవ, ఇన్నాళ్ళూ అందరిచేతా తిట్లు తిన్నాడు! ఎఫీ సంచిలోంచి ఎర్ర పువ్వు తీసి వాడి చేతిలో పెట్టింది.

"నువ్వు తాత దగ్గరికి పరిగెత్తు. క్యాను ఇలా ఇయ్యి."

తర్వాత నీలం పువ్వు తీసింది. "నాన్నా, సమాధిలో కాసేపు అటు తిరిగి పడుకో," అని గొణిగి, తన కోటుకే పెట్టుకుంది.

"ఎవరదీ? నీలమేనా?" అంది ముసలావిడ.

"నీలమేనండీ."

"అయితే చెప్పు. లేబర్ వాళ్ళు ఎలాంటివాళ్ళు?"

ఎఫీ కళ్ళు గట్టిగా మూసుకుంది.

"మహా... మహా చెడ్డవాళ్ళండీ. సూపు వేడి చెయ్యాలి, వంటిల్లు ఎటు?"

లోపల గడియ తీసిన చప్పుడైంది.