అందరికన్నా ముందు అలిసిపోయే మా బావ

మా అక్క మొగుడికి, అంటే మా బావకి, ఉన్నది ఒకే ఒక్క అలవాటు. ఏ పని మొదలుపెట్టినా అందరికన్నా ముందు అలిసిపోతాడు. అదీ గుట్టుగా కాదు, నలుగురికీ వినపడేలా. "అమ్మో, ఇక నావల్ల కాదర్రా" అంటూ ఎక్కడున్నవాడు అక్కడే కూలబడతాడు. మనిషి చూస్తే గుమ్మం పట్టనంత ఉంటాడు. మేమిద్దరం పనిచేసే లాండ్రీలో తడి దుప్పట్ల మూట ఒకటి లేపాలంటే మామూలుగా ఇద్దరు కావాలి. మా బావ భుజానికొకటి వేసుకుని నడుస్తాడు, నడుస్తూనే "చచ్చిపోతున్నానర్రా" అంటాడు. లాండ్రీలో అందరూ ఆయన్ని ఆయాసం అని పిలుస్తారు. ఎప్పుడైనా ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే, ఎవర్నబ్బా అని ఆయన కూడా వెనక్కి తిరిగి చూస్తాడు.

మా అక్కని చూడటానికి మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడే ఈ ప్రతిభ బయటపడింది. మేముండేది మేడ మీద, పైఅంతస్తులో. లిఫ్టు లేదు. మా నాన్న మర్యాదగా కిందికి వెళ్ళి తీసుకొస్తుంటే, మెట్ల మొదటి మలుపులోనే కాబోయే అల్లుడు చతికిలబడ్డాడు.

"మావయ్యగారూ, కాస్త కూర్చుందామండీ. ఊపిరి ఆడట్లేదు."

పాపం మా నాన్నా పక్కన కూర్చున్నాడు. ప్రతి మలుపులోనూ ఇదే వరస. వాళ్ళు పైకి వచ్చేసరికి కాఫీలు చల్లారిపోయాయి. "వయసులో ఉన్నవాడు నాలుగు మెట్లెక్కలేడు, వీడికి పిల్లనెలా ఇస్తాం" అని మా అమ్మ వంటింట్లో గొణిగింది. మా నాన్న మాత్రం "మనిషి మంచివాడు" అని ఒక్క మాటతో సంబంధం ఖాయం చేసేశాడు. ఆ మాట ఎందుకన్నాడో మా అమ్మకీ అర్థం కాలేదు, నాకూ అర్థం కాలేదు.

ఇలాంటి మనిషిని రాత్రంతా బరువు మోసే పోటీకి వెంటపెట్టుకుపోవాల్సి రావడం నా ఖర్మ.

మా ఊరి వ్యాయామశాల వాళ్ళు ఏటా పెట్టే పోటీ అది. మగవాళ్ళకి మాత్రమే. జట్టుకి ఆరుగురు. ఇసక బస్తాలు కట్టిన స్ట్రెచరు మోసుకుంటూ పొద్దుగుంకాక బయలుదేరాలి, గుట్టలన్నీ ఎక్కి దిగి సూర్యుడు పైకి వచ్చేలోపు ఆఖరి గుట్ట మీద పెట్టిన గేటు దాటాలి. ఆరుగురూ దాటాలి. ఒక్కడు దారిలో ఆగిపోయినా జట్టు మొత్తం పోయినట్టే. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు నాయకత్వ పరీక్ష. "రాత్రంతా బస్తాలు మోసేవాళ్ళకి ఇంట్లో గ్యాసు బండ మార్చమంటే నడుం ఎందుకు పట్టేస్తుందో" అని మా ఆవిడ అడిగింది.

ఈసారి లాండ్రీ తరఫున జట్టు పంపాలని మా యజమానికి బుద్ధి పుట్టింది. నన్ను పిలిచి నాయకుణ్ణి చేశాడు. "ఆరుగుర్నీ గేటు దాటించావనుకో, పగటి షిఫ్టు సూపర్‌వైజరు పని నీదే. దాటించలేకపోతే రాత్రి షిఫ్టు నీకు ఎలాగూ ఉంది" అన్నాడు.

పగటి షిఫ్టంటే నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆవిడది పగటి ఉద్యోగం, నాది రాత్రి. గుమ్మం దగ్గర తాళంచెవి చేతులు మార్చుకునే కాపురం మాది. మా ఇంట్లో వాళ్ళ బొమ్మ గీయమని బళ్ళో చెబితే, మా పాప వాళ్ళమ్మని నిలబెట్టి గీసి, నన్ను మంచం మీద దుప్పటి కింద గీసింది. దుప్పటే తప్ప నేను కనపడలేదు. ఆ బొమ్మ చూసిన రోజు నాకు అన్నం సహించలేదు.

జట్టు కుదిరింది. నేను, బావ, నోట్లో ఎప్పుడూ ఈల ఉండే వ్యాను డ్రైవరు, మడతల విభాగంలో పనిచేసే అన్నదమ్ములిద్దరు, బాయిలరు చూసే పెద్దాయన. ఆయన్ని మేమంతా బాబాయ్ అంటాం. త్వరలో రిటైరయ్యే మనిషి, అయినా అందరికంటే ముందు పేరిచ్చింది ఆయనే. వద్దనే ధైర్యం ఎవరికుంది? బాబాయ్ చెయ్యి కాలినా పక్కవాడికి చెప్పని రకం.

పొద్దున్నే షిఫ్టు దిగి ఊరి చివర గుట్ట మీద సాధన చేసేవాళ్ళం. వ్యాయామశాల కోచ్ మెడలో విజిలు వేసుకుని మా వెంట నడిచేవాడు. "మగాడన్నవాడి మొహంలో అలసట కనపడకూడదు. ఒక్కడు నీరసపడితే అందరికీ అంటుకుంటుంది" అని ఆయన పాఠం. మేం పళ్ళు బిగించి మొహాలు రాళ్ళలా పెట్టుకుని ఎక్కేవాళ్ళం. సగం గుట్ట ఎక్కామో లేదో వెనకనుంచి మొదలయ్యేది.

"అమ్మో, ఇక నావల్ల కాదర్రా."

ఒకడు కూర్చుంటే స్ట్రెచరు దించక తప్పదు. కోచ్ పరిగెత్తుకొచ్చి బావ చెవిలో విజిలు ఊదేవాడు.

"ఏమైందయ్యా నీకు?"

"కాళ్ళండీ."

"కాళ్ళకేమైంది?"

"ఉన్నాయండీ. అదే బాధ."

ఈయనవల్లే ఆలస్యం, ఈయనవల్లే పరువు పోతోంది అని తిట్టుకుంటూ మేమంతా నీళ్ళు తాగేవాళ్ళం. బాబాయ్ అయితే మా బావ పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెట్టి తిట్టేవాడు, తిడుతూ తిడుతూ బండ మీద కాళ్ళు చాపుకునేవాడు. బావ మాత్రం కళ్ళు మూసుకుని మూలుగుతుండేవాడు.

అక్క దగ్గరికి వెళ్ళి మొత్తుకున్నాను. "నాకా చెబుతున్నావ్?" అంది అక్క. "మా అత్తగారితో బజారుకెళితే ఆవిడకన్నా ముందు ఈయనకే కళ్ళు తిరుగుతాయి. తల్లీకొడుకులిద్దరూ ఏ కొట్టు మెట్ల మీదో సర్దుకుని కూర్చుంటారు. సంచులు మోసేది నేను."

పోటీ దగ్గరపడింది. కోచ్ పెట్టిన పరీక్షలో మేం తప్పాం. గుట్ట పైకి చేరాల్సిన సమయానికి మా స్ట్రెచరు సగం దారిలో నేల మీద ఉంది, దాని పక్కన మా బావ ఉన్నాడు. "ఆయన్ని తీసెయ్. లేకపోతే మీ జట్టుని రానివ్వను" అని కోచ్ తేల్చేశాడు. ఆ రోజంతా నాకు నిద్ర పట్టలేదు. సొంత బావని ఎలా తీసెయ్యను? తీసెయ్యకపోతే మా పాపకి దుప్పటే మిగులుతుంది.

మర్నాడు ఇస్త్రీ యంత్రం దగ్గరికి వెళ్ళాను. బావ వేడి రోలర్ల మధ్యకి దుప్పటి పట్టిస్తున్నాడు. ఆవిరిలో మొహం సరిగా కనపడలేదు, అదే మేలనుకున్నాను.

"బావా, నిన్ను జట్టులోంచి తీసేస్తున్నాను. ఏమనుకోకు."

"సరే" అన్నాడు. మూలగలేదు. దుప్పటి అంచు సరిచేస్తూ, "బాబాయ్ వస్తున్నాడా?" అన్నాడు.

"వస్తున్నాడు. ఆయనకేం, ఒక్కసారైనా అలిసిపోయానన్నాడా?"

"అదే" అని బావ ఇంకో దుప్పటి అందుకున్నాడు.

బావ బదులు కౌంటర్లో రసీదులు రాసే ఆయన్ని తీసుకున్నాను. ఆ పొద్దున గుట్ట ఎక్కుతుంటే నా ఆనందం అంతా ఇంతా కాదు. ఆగేవాడు లేడు, మూలిగేవాడు లేడు. కోచ్ "శభాష్" అన్నాడు. సగం దాటేసరికి ఆ శభాష్ ఎవరి చెవికీ ఎక్కట్లేదు. స్ట్రెచరు కర్ర నా భుజంలోకి దిగిపోతోంది. దించుదామని నాలుక చివరిదాకా వస్తోంది, కానీ నాయకుణ్ణి కదా, ఎలా చెప్పను? డ్రైవరు పెదవులు తెల్లబడ్డాయి. అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూడ్డం మానేశారు. ఎవరో ఒకరు అంటారేమోనని అందరం ఎదురుచూస్తున్నాం. ఎవరూ అనలేదు. మా ఊపిర్లు తప్ప ఇంకేం వినపడలేదు. గుట్ట కొస కనపడుతుండగా బాబాయ్ కిక్కురుమనకుండా ముందుకి పడిపోయాడు. స్ట్రెచరు ఒరిగింది. ఇసక బస్తా జారి ఆయన తలకి జానెడు దూరంలో ధబ్బున పడింది.

బస్తాలు అక్కడే పారేసి, అదే స్ట్రెచరు మీద బాబాయ్‌ని ఆసుపత్రికి మోసుకొచ్చాం. ఒంట్లో నీళ్ళు తగ్గి కళ్ళు తిరిగాయంతే, సెలైను పెడితే లేచి కూర్చున్నాడు. నీళ్ళు తాగుతూ, ఆగుతూ నడిస్తే పోటీకి వెళ్ళొచ్చని కూడా డాక్టరమ్మ చెప్పింది.

"ఎప్పట్నుంచి నీరసంగా ఉంది?" అని అడిగిందావిడ.

"సగం గుట్ట నుంచమ్మా."

"మరి చెప్పలేదేం?"

"ఎవరూ చెప్పలేదుగా" అన్నాడు బాబాయ్.

డ్రైవరు తల దించుకుని, తన పిక్క గుట్ట మొదట్లోనే పట్టేసిందన్నాడు. తమ్ముడు ఆగితే ఆగుదామని అన్న, అన్న ఆగితే ఆగుదామని తమ్ముడు చూస్తున్నారట. "ఆయాసం ఉంటే బాగుండేదిరా" అన్నాడు బాబాయ్. అప్పుడు వెలిగింది నాకు. మా నాన్నకి మోకాళ్ళ నొప్పులు. మెట్లెక్కడం ఆయనకి నరకం, చచ్చినా పైకి చెప్పేవాడు కాదు. పెళ్ళిచూపుల రోజు మలుపు మలుపులోనూ కూర్చోవాల్సింది ఎవరో మా బావ చూశాడు.

తిన్నగా అక్కావాళ్ళింటికి వెళ్ళాను. బావ గిన్నెలు తోముతున్నాడు.

"బావా, జట్టులోకి రా."

"నావల్ల కాదురా. ఓపిక లేదు."

"ఆ ఓపిక లేకపోవడమే కావాలి. నువ్వు లేకపోతే మాకెవరికీ అలిసిపోవడం చేతకావట్లేదు."

బావ చేతిలో గిన్నె ఆగింది. వంటింటివైపు ఎవరూ రావట్లేదని చూసుకుని గొంతు తగ్గించాడు. "ఎవరికీ చెప్పకు. తెలిస్తే ఇక పనిచెయ్యదు."

"ఎవరికి కష్టంగా ఉందో నీకెలా తెలుస్తుంది?"

"అలవాటైన చప్పుడు ఆగిపోతుందిరా. డ్రైవరు ఈల మానేస్తాడు. బాబాయ్ తిట్టడం మానేస్తాడు. నువ్వు నాయకత్వం గురించి మాట్లాడ్డం మానేస్తావ్."

కోచ్‌ని ఒప్పించడానికి నేను పట్టుకోని కాళ్ళు లేవు. "మునిగితే మీరే మునుగుతారు" అని చివరికి వదిలేశాడు. రసీదులు రాసే ఆయన బతుకుజీవుడా అని తప్పుకున్నాడు.

పోటీ రాత్రి బావ విజృంభించాడు. మొదటి గుట్టకే "అమ్మో" అన్నాడు, రెండో గుట్టకి తన ప్రాణం పోతే పిల్లల్ని చూసుకోమని డ్రైవరుకి అప్పగింతలు పెట్టాడు. పక్కనుంచి దాటిపోయే జట్లు మమ్మల్ని చూసి నవ్వాయి. ఆ నవ్వినవాళ్ళే ముందు దారిలో ఒక్కొక్కరుగా పక్కకి తప్పుకుని కూర్చుని కనిపించారు. మేం కూర్చుంటూ, తిట్టుకుంటూ, నీళ్ళు తాగుతూ సాగాం.

ఆకాశం తెల్లబడుతుండగా ఆఖరి ఏటవాలు ఎక్కుతున్నాం. పైన గేటు కనపడుతోంది. కోచ్ చేతులూపి తొందరపెడుతున్నాడు. డ్రైవరు ఈల వేస్తున్నాడు, బాబాయ్ తిడుతున్నాడు, అన్నదమ్ములు వాదించుకుంటున్నారు. అంతా బాగానే ఉంది, ఏదో తక్కువైంది. కాసేపటికిగానీ తట్టలేదు, బావ మూలగట్లేదు.

తిరిగి చూశాను. తల వంచుకుని అడుగులో అడుగు వేస్తున్నాడు. మొహంలో రక్తం లేదు.

"బావా."

"ఊఁ. పద."

ఆగుదామా అంటే ఈ మనిషి ఆగడు, తనకోసం అసలే ఆగడు. పడిపోతే ఆరుగురం గేటు దాటం. ఆగితే పొద్దెక్కిపోతుంది. నా పగటి షిఫ్టు ఆ గేటు దగ్గర నిలబడి ఉంది. ఏమైతే అదైందనుకున్నాను.

"అమ్మో, ఇక నావల్ల కాదర్రా" అని దారి మధ్యలో కూలబడ్డాను.

స్ట్రెచరు దిగింది. "గేటు ముందుకొచ్చి ఇదేం రోగంరా నీకు" అని బాబాయ్ తిట్లు అందుకున్నాడు. బావ నా పక్కన కూర్చుని సీసా ఎత్తి గటగటా నీళ్ళు తాగాడు. మొహానికి రంగు వచ్చింది. నావైపు ఓరగా చూశాడు. నేను ఇంకాస్త మూలిగాను.

తర్వాత లేచాం. కొండ వెనక ఎర్రబడుతుంటే పరిగెత్తామో, పాకామో నాకు గుర్తులేదు. గేటు మూయడానికి చెయ్యి వేసిన మనిషిని తోసుకుంటూ లోపలికి పడ్డాం. ఆరుగురమూ పడ్డాం. మా యజమాని వచ్చి, "సోమవారం నుంచి పగలు రావయ్యా" అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కోచ్ మాత్రం నన్ను ఎగాదిగా చూశాడు. "అంతా బాగానే ఉందిగానీ, చివర్లో నాయకుడే అలా కూలబడ్డాడేమిటి?"

నేను నోరు తెరిచేలోపే బావ ముందుకొచ్చి జాలిగా తలాడించాడు.

"ఏం చేస్తామండీ, మా బామ్మర్ది మొదట్నుంచీ అంతే. నాలుగడుగులు వేస్తే చాలు, ఆయాసం."

"ఔనండీ" అన్నాను.