తిరగేసిన రాళ్ళు

ఆ ఇంటి పెద్దకోడలికి తోడికోడలి మీద అసూయ పుట్టినది నగల దగ్గర కాదు, వాటాల దగ్గరా కాదు. సముద్రపు రాళ్ళ దగ్గర.

ఇద్దరూ తీర పరిశోధన కేంద్రంలో జీవగణన సిబ్బంది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడే రాతినేలను భాగాలుగా విభజించి, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి అప్పగించారు. రాయిని తిరగేసి, దాని అడుగున బతికే పీతలను, నత్తలను, సన్నని చేతుల నక్షత్రజీవులను లెక్కించడం వారి విధి. తీరంలో ఏ చోటుకు రక్షణ అవసరమో ఆ లెక్కలే తేల్చేవి. పెద్దకోడలు ముందుగా చేరినది. మరిదికి పెళ్ళయ్యాక చిన్నకోడలిని చేయి పట్టుకుని తీసుకువచ్చి చేర్పించినదీ ఆమే.

అటువంటిది, తన భాగంలో ఏటికేడు జీవాలు తరిగిపోతుండగా, చిన్నకోడలి భాగం కళకళలాడుతూ ఉండేది. కేంద్రాధికారి అక్కడే ఆగి మెచ్చుకునేవారు. ఆ మాటలు చెవిన పడినంతసేపూ పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయేది. పైగా, కొత్త విద్యార్థులకు తీరంలో తొలిపాఠం చెప్పే బాధ్యతను సిబ్బందిలో ఒకరికి ఇవ్వబోతున్నారు. అది చిన్నదానికి దక్కితే ఇంటా బయటా తలెత్తుకోలేనని ఆమె నిశ్చయానికి వచ్చింది.

"మంచి చోటు దొరికింది కాబట్టి నీ పని సాగుతోంది. నా చోటు నీకిచ్చి ఉంటే తెలిసేది," అందొకనాడు.

"అయితే మార్చుకుందాం అక్కా. దానికేముంది?"

ఆ తేలికదనం పుండు మీద కారం చల్లినట్లయింది. అయినా మార్చుకున్నది.

తొలి గణనలో పెద్దకోడలి పంట పండింది. అధికారి తొలిపాఠాన్ని ఆమెకే కేటాయించారు. ఆ వారమంతా వంటింట్లో ఆమె గిన్నె దించినా దర్జాగానే వినిపించింది.

కొన్ని నెలల తరువాత, పాఠానికి ముందు జరిగిన గణనలో ఆమె ముఖం మాడిపోయింది. కొత్త భాగంలోనూ రాళ్ళ అడుగు బోసిపోయింది. పక్కన చిన్నకోడలి రాళ్ళ కింద మాత్రం పీతపిల్లలు పరుగులు తీస్తున్నాయి.

"ఏం చేశావే నా రాళ్ళని? నీ కళ్ళే పడ్డాయి," అంది పెద్దకోడలు.

"నా కళ్ళకంత బలం లేదక్కా. అసలు చూసిన రాయిని తిరగేసే వదిలేస్తావెందుకు?"

"మళ్ళీ అదే రాయి లెక్కలోకి రాకుండా. గుర్తుండాలా వద్దా?"

"గుర్తు బాగానే ఉంది. నీడలో బతికేవి ఎండకి మాడిపోతాయి, పైనున్న నాచు కింద పడి కుళ్ళిపోతుంది. మనింటి కప్పెవరైనా ఊడదీసి, చూశామని గుర్తుగా అలాగే వదిలేసి పోతే?"

పెద్దకోడలికి విషయం బోధపడింది. నోట వచ్చిన మాట మాత్రం అసూయదే.

"తెలిసీ ఇన్నాళ్ళూ నోరు కుట్టేసుకున్నావా?"

"చేరిన కొత్తలోనే చెప్పాను. నిన్నగాక మొన్నొచ్చి నాకు నేర్పుతావా అన్నావు."

అన్న మాట నిజమే. ఏ రాయి దగ్గర నిలబడి అన్నదో కూడా ఆమెకు గుర్తుకు వచ్చింది.

మరునాడు అధికారి గదికి వెళ్ళి, తొలిపాఠం చిన్నకోడలికి అప్పగించవలసినదిగా కోరింది. కారణం అడిగితే, "రాయి తిరగేయడమే నాకొచ్చండీ. తిరిగి పెట్టడం దానికొచ్చు," అంది. ఆ మాట గొంతు దాటేటప్పుడు చేపముల్లులా గుచ్చుకుంది.

పాఠం రోజున ఆమె విద్యార్థుల వెనుక నిలబడింది. వాళ్ళు "మేడమ్, మేడమ్" అని తోడికోడలిని పిలిచినప్పుడల్లా ఆమె కళ్ళు దించుకున్నది. తన వంతు రాగానే ఒక రాయి ఎత్తి, చూసి, జాగ్రత్తగా దించింది.

"అక్కా, ఇంకొంచెం ఎడమకి. పాత గుంటలోనే కూర్చోవాలి."

అందరూ చూస్తున్నారు. పెద్దకోడలు పళ్ళు బిగించి రాయిని ఎడమకి జరిపింది.